పోళా భోజనానికి వచ్చినవాళ్లు

ఎద్దుల పండగ పోళాకు ముందురోజు పొద్దున్న వనమాల పంతులమ్మ తన పథకాన్ని మరోసారి మనసులో తిప్పి చూసుకుంది. ఒక ఎద్దు, నాలుగు పాఠాలు. కాళ్లూ కొమ్ములూ లెక్కల్లోకి, పేడ విజ్ఞానంలోకి, నాగలీ బండీ ఊరి చరిత్రలోకి, ఎద్దు మీద అయిదు వాక్యాలు మరాఠీలోకి. జంతువులు మనిషికి చేసే సాయం గురించి పిల్లలు చక్కగా చెబితే, బడి తనిఖీకి వస్తున్న అధికారి రాజాధ్యక్ష సాహెబు దాన్ని ఉంచమని రాస్తాడు. లేకపోతే పదకొండు మంది పిల్లలున్న పిపళ్‌ధరా బడికి తాళమే. వాగు దాటి నాలుగు మైళ్లు నడిచి వేరే బడికి వెళ్లి ఈ ఊరి ఆడపిల్లలెవరూ చదవరని ఆమెకు తెలుసు.

సాహెబుది ముంబయి. ఆయన సరిగ్గా పోళా నాడే వస్తానన్నాడు. ఏడాదికొక్కసారి ఎద్దులకు సెలవు దొరికే రోజది. ఆ రోజు వాటి మెడ మీద కాడి పెట్టేవాడు ఊళ్లో లేడు. బడిదాకా నడిచి రావడం పని కిందికి రాదులే అని ఆమె తనకు తానే సర్దిచెప్పుకుంది.

సాయంత్రం ఎద్దును అడగడానికి కౌతిక్ తాత ఇంటికి వెళ్లింది. తాత తన జత మూపులకు నెయ్యీ పసుపూ రాస్తున్నాడు. ఆ సాయంత్రం అక్కడ ప్రతి ఇంటా జరిగేదే. చిన్నప్పటినుంచీ ఉన్న అలవాటు కొద్దీ వనమాల కూడా ఎద్దు మూపు మీద చెయ్యేసి, "ఈరోజు పిలుపు అందుకో, రేపు భోజనానికి రా" అని ఇంటివాళ్లు తమ ఎద్దులతో అనే మాట అనేసింది.

తాత చెయ్యి ఆగిపోయింది. "ఎక్కడికి బాయీ? బడికా?"

"బడికే తాతా," అంది ఆమె, ఏమన్నదో తనకే తెలియకుండా.

దీపాలు పెట్టేలోపు సంగతి ఊరంతా పాకింది. బడి భోజనానికి పిలిచింది కౌతిక్ ఎద్దులనేనట. పాటిల్ భార్య సింధూతాయి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "పోళా నాడు మా జత దాటందే ఊరి తోరణం ఎవరి ఎద్దులూ దాటవు. మీ బడికి మేం ఆనలేదా బాయీ? సరే, మా పిల్ల పేరు కొట్టేయండి."

పదకొండు పదయితే బడి లేనట్టే. వనమాల పరుగున వెళ్లి పాటిల్ ఎద్దులనూ పిలిచింది. పాటిల్‌ను పిలిచాక పక్కింటిని వదిలితే ఊరుకుంటారా? ఇల్లిల్లూ తిరిగి, మూపులన్నీ నిమిరి, ఇంటికి చేరేసరికి ఆమె చేతులు మోచేతులదాకా పచ్చబడ్డాయి. పిలుపులు అందుకున్నవి ఒక ఒంటెద్దుతో కలిపి మొత్తం పంతొమ్మిది.

మర్నాడు ఎద్దులు కొమ్ములకు రంగులతో, డప్పులతో వచ్చాయి. పిలిచిన అతిథికి బడిలో రోజూ వండే కిచిడీ పెడతారా అని ఆడవాళ్లు నాలుగో తరగతి గదిలోనే పొయ్యి పెట్టి బొబ్బట్లు కాల్చడం మొదలుపెట్టారు. అంతలో వాన దంచికొట్టింది. అతిథులను తడపకూడదు కాబట్టి ఎద్దులు వరండాలోకీ, అక్కడ పట్టనివి గదిలోకీ చేరాయి. పిల్లలు చూరు కింద తడుస్తూ నిలబడ్డారు. మైదాపిండి జిగురుతో అంటించిన 'జంతువుల సాయం' పటాలను పాటిల్ ఎద్దు గోడ మీదనుంచి ఊడబీకి నమిలేసింది.

సాహెబు గొడుగు ముడిచి, కూర్చోవడానికి చోటు వెతికి, దొరక్క నిలబడే అడిగాడు. "పిల్లలూ, ఎద్దు మనకేం సాయం చేస్తుంది?"

కౌతిక్ మనవరాలు మంజిరి చెయ్యెత్తింది. "ఈరోజు ఏమీ చెయ్యదు సార్. ఈరోజు మేమే దానికి చేస్తాం."

మిగిలిన పదిమందీ అదే చెప్పారు. నాలుగు సబ్జెక్టుల్లోనూ అదే జవాబు. ఆయన తలాడిస్తూ ఏదో రాసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ రెండు బొబ్బట్లు తిని, పాఠం బాగుందన్నాడు. ఆ మాటకు వనమాల పొయ్యి పక్కనే కూర్చుని ఏడ్చేసింది, బడి నిలిచిందనుకుని.

దసరా వెళ్లాక ఉత్తరువు వచ్చింది. బోధన మెచ్చదగినదేనట. అయితే భవనాన్ని వాడుకుంటున్నవారిలో పిల్లలు పదకొండు, పశువులు పంతొమ్మిది ఉన్నందున, దాన్ని పశువైద్యశాలకు అప్పగించడం సముచితమట. మంజిరి పలక అటక ఎక్కింది. వనమాలకు వాగు అవతలి ఊరికి బదిలీ అయింది.

ఆ మరుసటి ఏడు పోళాకు ఎద్దులు ఎవరూ పిలవకుండానే బడికి వచ్చాయి.