ఫౌంటెన్‌లో పడిన బంగారం

నీళ్లు రెండు రకాలని పట్టణ సుందరీకరణ మండలి ఏనాడో తేల్చేసింది: తాగేవి, చూసేవి. తాగేవి ఎప్పుడొస్తాయో పైవాడికే తెలియాలి. చూసేవి మాత్రం ప్రొద్దుటూరు నడిబొడ్డున, ఫౌంటెన్‌లో, పొద్దస్తమానం ఎగురుతుంటాయి. (ఫోటోకు బాగుండాలి కదా.)

తస్లీమాకు ఆ నీళ్లే ఆధారం. బంగారు అంగళ్ల ముందు ఊడ్చిన దుమ్మును చెక్క గిన్నెలో వేసి కడిగి, అడుగున మిగిలే బంగారు పొడి అమ్ముకుని ఇల్లు నెట్టుకొచ్చే మనిషి. ఇంట్లో కుళాయి దగ్గి ఊరుకుంటుంది కాబట్టి ఫౌంటెన్ గట్టు మీద కూర్చునేది. ఎవరూ అడ్డం చెప్పలేదు.

ఒకరోజు ఫౌంటెన్ కడిగిస్తుంటే అడుగు బురద తళతళ మెరిసింది. జల సౌందర్య అధికారి రాజశేఖర్ పరుగున వచ్చాడు. ఫౌంటెన్‌లో బంగారం ఊరుతోందని సాయంత్రానికల్లా తీర్మానం అయిపోయింది. చుట్టూ కంచె, కంచెకు కాపలాగా అధికారి బావమరిది మహీధర్, మహీధర్‌కు కుర్చీ, కుర్చీకి గొడుగు వచ్చాయి. ఖనిజ సంపద కాజేసిందని తస్లీమా మీద కేసు కూడా వచ్చింది.

"అది ఊరేది కాదు సార్. నేను కడిగేటప్పుడు చేతిలోంచి జారిండే పొడి," అంది తస్లీమా.

"నీ మాట నమ్మితే మా తీర్మానం యాడికి పోవాలమ్మా?" అన్నాడు రాజశేఖర్, కోపం లేకుండానే.

ఆమె రాకపోయేసరికి బురద వట్టి బురదగానే మిగిలింది. మండలి కంగారు పడింది. నిపుణులు వచ్చారు, భోంచేశారు, తస్లీమా చెప్పిందే నిజమని రాసిపోయారు. దాంతో ఉత్పత్తి పడిపోకుండా మండలి కొత్త ఉద్యోగం ఒకటి సృష్టించింది. గట్టు మీద కూర్చుని దుమ్ము కడగాలి. నెల జీతం, గుర్తింపు కార్డు.

తస్లీమాకు ప్రాణం లేచొచ్చింది. ఇంట్లో బియ్యం నిండుకున్నాయి మరి. గిన్నె చంకన పెట్టుకుని ఆఫీసుకు పోయింది.

"అనుభవం ఉందా?" అన్నాడు రాజశేఖర్.

"శానా ఏండ్లుగా ఈడనే కడుగుతాండా కద సార్. మీరూ చూస్తాంటిరి."

"ఈడ కడిగినానంటే కేసు ఒప్పుకున్నట్టే. కేసుండేవాళ్లకు ఉద్యోగం రాదు. కడగలేదంటే అనుభవం లేనట్టు. ఏందో ఒకటి చెప్పు తల్లీ, రాసుకుంటా."

"కడగలేదనే రాసుకో సార్," అంది.

ఆయన శ్రద్ధగా రాసుకుని, ఉద్యోగం మహీధర్‌కు ఇచ్చాడు. మహీధర్‌కు గిన్నె పట్టుకోవడం కూడా రాదు. కనుక అతనికి పని నేర్పమని మర్నాడు తస్లీమాకు కబురొచ్చింది. (జీతం ఉండదు. అనుభవం వస్తుంది.)