పెన్షన్‌తో పాటు ఒక కోళ్లగూడు

ఉద్యోగం నుంచి రిటైరైన ప్రతి మగవాడికీ పెన్షన్‌తో పాటు ఒక కోళ్లగూడు కూడా ప్రభుత్వం నిర్బంధంగా ఇవ్వాలి. వద్దన్నవాడికి పెన్షన్ ఆపెయ్యాలి.

నవ్వకండి. బీపీ మాత్రలు, తీర్థయాత్రలు, పార్కుల్లో చప్పట్లు కొట్టే క్లబ్బులు ఇన్నేళ్లుగా చెయ్యలేకపోయిన పనిని కోళ్లగూడు మూడు వారాల్లో చేసి చూపిస్తుంది. కుర్చీ పోయినవాడికి మళ్లీ కుర్చీ ఇస్తుంది. ఆ కుర్చీ కింద పన్నెండు మంది సిబ్బందిని ఇస్తుంది. వాళ్లలో ఒక్కరికీ యూనియన్ లేదు!

నమ్మకం లేకపోతే పాలా దగ్గర, మీనచ్చిల్ ఏటి ఒడ్డున ఉన్న ఇట్టియవిర సారు ఇంటికి వెళ్లి చూడండి.

సారు నీటిపారుదల ఆఫీసులో ముప్ఫై మూడేళ్లు పనిచేసి, సూపరింటెండెంటుగా దిగిపోయాడు. దిగిపోయిన మర్నాటి నుంచి ఇంటిని ఆఫీసు చేశాడు. వంటింట్లో డబ్బాలు అక్షరక్రమంలోకి వచ్చాయి. చేపల పులుసులో చింతపండు రెబ్బలు ఎన్ని పడ్డాయో చీటీ మీద రాసి పెట్టాలన్నాడు. చేపలతను పది నిమిషాలు ఆలస్యంగా వస్తే కారణం రాతపూర్వకంగా చెప్పమన్నాడు. చేపలతను ఆ వీధికి రావడమే మానేశాడు.

ఆయన భార్య శోశామ్మ చర్చిలో తొమ్మిది రోజుల ప్రార్థన మొదలుపెట్టింది. ఏం కోరుకుందో ఎవరికీ చెప్పలేదు. ఆరో రోజున సారు ఫోన్లో ఒక వీడియో కనబడింది. ‘ఇంటి వెనక హైటెక్ కోళ్లగూడు.’

ప్రార్థనలు ఫలించవని ఎవరన్నారు?

గూడు మే నెలాఖరున లారీలో వచ్చింది. రెండంతస్తులు, ఆకుపచ్చ రంగు వల, ముక్కుతో పొడిస్తే నీటిచుక్క రాల్చే గొట్టం, అడుగున రెట్ట పడే ట్రే. సారు రసమట్టం పెట్టి మరీ దాన్ని నిలబెట్టించాడు. ‘విషయం: కోళ్లు’ అని ఒక ఫైలు తెరిచాడు.

శోశామ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. మొగుణ్ణి ఆమె ‘ఇచ్చాయా’ అనే పిలుస్తుంది.

“ఇచ్చాయా, తలుపు పడమటికి పెట్టించారే. వాన అటునుంచే కదా వచ్చేది?”

“అది క్రాస్ వెంటిలేషన్ కోసమే. నీకు అర్థం కాదు.”

“నాకు కాకపోతే పోయింది. వానకి అర్థమైతే చాలు.”

జూన్ మొదటి వానకి అర్థం కాలేదు. గూట్లోకి ఏటవాలుగా దూసుకొచ్చింది. పన్నెండు కోడిపిల్లలు పై అంతస్తు మూలలో తడిసిన గుడ్డపేలికల్లా ఒకదాని మీద ఒకటి పడ్డాయి. శోశామ్మ గొడుగు పారేసి పరిగెత్తింది. వానాకాలం రబ్బరు చెట్ల నడుముకి చుట్టే ప్లాస్టిక్ పట్టాలు నాలుగు తెచ్చి తలుపుకి అడ్డంగా కట్టింది. పిల్లల్ని వంటింట్లో పొయ్యి పక్కన ఆరబెట్టింది. ఒక్కటీ చావలేదు.

సారు ఫైల్లో రాసుకున్నాడు: ‘వర్షం నుంచి రక్షణకు తగు ఏర్పాట్లు చేయబడినవి.’

అప్పట్నుంచి ఆ ఇంట్లో పని ఎంత చక్కగా పంచుకున్నారో చూడండి. నిర్వహణ అంతా సారుది. మిగతాది శోశామ్మది. మిగతాది అంటే ఏముంది? తెల్లవారకముందే గూడు తియ్యడం, రెట్ట గీకడం, తవుడు కలపడం, బొప్పాయి ఆకు తరగడం, పేలు పట్టిన పెట్టకి పసుపు రాయడం, తెగులు మందు వేయించడం, సాయంత్రం లెక్కపెట్టి మూయడం. చిల్లర పనులు.

నిర్వహణ మాత్రం తేలికా? సారు పెట్టలన్నిటికీ తన పాత పై అధికారుల పేర్లు పెట్టాడు. రోజూ కాఫీ తాగాక గూటి ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, ముప్ఫై మూడేళ్లుగా దిగమింగుకున్న మాటలన్నీ ఒక్కొక్కరికీ వినిపించేవాడు. బీపీ దిగింది. చేపలతను మళ్లీ రావడం మొదలుపెట్టాడు. ఏ డాక్టరు ఇస్తాడండీ ఇంత వైద్యం?

తర్వాత కెమెరా పెట్టించాడు. రెండో రోజే దానికి ముంగిస చిక్కింది. మిట్టమధ్యాహ్నం కంచె కింద నుంచి దూరింది. పెట్ట మెడకి బెత్తెడు దూరంలో ఉండగా చీపురు గాల్లో ఎగురుతూ వచ్చి దాని నడుం మీద పడింది. చీపురు వెనకే శోశామ్మ. ముంగిస మళ్లీ ఆ పెరటి ఛాయలకి రాలేదు. సారు ఆ వీడియోకి తన గొంతు కలిపి బంధువులందరికీ పంపాడు: ‘నా భద్రతా ఏర్పాట్లు.’

ఇలా ఏడాది గడిచింది. అసలు కథ ఇప్పుడు మొదలవుతుంది.

అక్కడి పంచాంగంలో ఆగస్టు నడుమ మొదలయ్యే చింగం నెల మొదటి రోజు రైతుల పండుగ. ఆ రోజున పంచాయతీ ఉత్తమ రైతులకి శాలువాలు కప్పుతుంది. ఆ ఏడాది కొత్తగా పెరటి కోళ్ల పెంపకానికి కూడా ఒక శాలువా కేటాయించారు. సర్వీసంతా పక్కవాళ్ల భుజాల మీద శాలువాలు చూసినవాడు సారు. ఒక్కసారి కూడా తనకి కప్పలేదు. ఆ సంగతి తెలిసిన సాయంత్రమే దరఖాస్తు వెళ్లిపోయింది. గురువారం పది గంటలకి కమిటీ వస్తుందని కబురొచ్చింది.

ఆదివారం శోశామ్మ సంచీ సర్దుకుంది. ముండక్కయంలో ఆమె అక్కకి కంటి ఆపరేషన్.

“కమిటీ వచ్చే వారంలోనా?” అన్నాడు సారు.

“కన్ను నాది కాదు, అక్కది. గురువారం కుదరదంటే అది వినదు.”

“సరే వెళ్లు. నలభై రెండు మంది స్టాఫ్‌ని నడిపినవాణ్ణి.”

“వాళ్లు గుడ్లు పెట్టలేదుగా ఇచ్చాయా. ఒక్క మాట గుర్తుంచుకోండి. మేత, నీళ్లు పైనుంచే వేయండి. నేనొచ్చేదాకా తలుపు తియ్యకండి. తీస్తే మీ మాట వినవు.”

గురువారం ఎనిమిదిన్నరకి ఇట్టియవిర సారు తలుపు తీశాడు.

ఎందుకంటారా? కమిటీ కోసం గూడు తళతళలాడాలి కదా! ఇస్త్రీ ముండు పంచె కట్టుకుని, గొట్టంతో నీళ్లు కొట్టాడు. నీళ్లు లోపలికి వెళ్లాయి, సిబ్బంది బయటికి వచ్చారు. పదకొండు పెట్టలు, ఒక పుంజు, కాఫీ మొక్కల్లోకి, పనస చెట్టు మీదికి, పక్కింటి మిరియాల పాదుల్లోకి మాయమయ్యాయి.

తొమ్మిదైంది. సారు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచాడు. పై అధికారులు ఎవరూ పలకలేదు.

తొమ్మిదింపావు. తవుడు చల్లాడు. కాకులు వచ్చాయి.

తొమ్మిదిన్నర. పుంజు బావి గిలక మీదెక్కి కూసింది. సారు దాని కోసం దూకి ముండు చించుకున్నాడు. కంచె అవతల పక్కింటి తంకప్పన్ పళ్లు తోముకుంటూ చూస్తున్నాడు.

“సారూ, మెమో ఇచ్చి చూడండి.”

“నువ్వు నోరు మూసుకుని అటువైపునుంచి తోలవయ్యా.”

“నేను తోలితే మా ఇంట్లోకే వస్తాయి సార్. మధ్యాహ్నం కూరకి మావాళ్లు అడుగుతున్నారు కూడా.”

తొమ్మిదీ నలభై ఐదు. దూరంగా మలుపులో జీపు హారన్ వినబడింది. సారు శోశామ్మకి ఫోన్ చేశాడు.

“తలుపు తీశారా?” అందామె, హలో అనకుండానే.

“అదంతా తర్వాత. పిలువు వాటిని. స్పీకర్ పెడతాను.”

“ఇక్కడా? కంటి ఆసుపత్రిలో ఉన్నాను. చుట్టూ అందరూ కళ్లకి కట్లతో కూర్చున్నారు.”

“మరింకేం, నువ్వు కనబడవుగా.”

“వినబడతాను కదా!”

“శోశామ్మా.” ఆ గొంతులో సూపరింటెండెంటు లేడు.

ముండక్కయం ఆసుపత్రి వరండాలో నుంచి ఫోన్లోకి ఒక పిలుపు వచ్చింది. “బబబబ... బా... బబబబ... బా.”

కాఫీ మొక్కలు కదిలాయి. ఒక పెట్ట తల బయటికి పెట్టింది. దాని వెనక రెండు. పనస కొమ్మ మీద నుంచి నాలుగు దబదబా దూకాయి. పుంజు గిలక దిగింది. సారు ఫోన్‌ని కొవ్వొత్తిలా ముందుకి చాచి పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. పన్నెండూ వరసగా ఆ ఫోన్ వెంట నడుస్తున్నాయి.

సరిగ్గా అప్పుడే గేటు తెరుచుకుంది. ముగ్గురు సభ్యుల కమిటీ నోరు తెరిచి నిలబడిపోయింది.

ముందుగా తేరుకున్నది వ్యవసాయాధికారిణి జెస్న. చిన్నదే అయినా చురుకైన మనిషి.

“సార్, కొక్కెర తెగులు మందు ఎప్పుడు వేశారు?”

సారు ఫోన్ వైపు చూశాడు.

“పోయిన నెల రెండో శనివారం,” అంది ఫోన్. “పొద్దున దాహంతో ఉంచి, నీళ్లలో కలిపి.”

“ఈ బూడిదరంగు పెట్ట మందకొడిగా ఉందేం?”

“అది పొదగడానికి కూర్చుందమ్మా. బకెట్లో ముంచి తీస్తే రెండ్రోజుల్లో ఆ వేడి దిగుతుంది. నేనొచ్చి ముంచుతాను. ఆయన్ని ముట్టుకోనియ్యకండి.”

నిజం బయటపడింది, సారు శాలువా గోవిందా అనుకుంటున్నారా? అయితే మీరెప్పుడూ కమిటీలను చూడలేదన్నమాట.

జీపులో జెస్న శోశామ్మ పేరు రాయబోయింది. కమిటీలోని వార్డు మెంబరు ఆమె పెన్ను పట్టుకుని ఆపాడు.

“ఆవిడ దరఖాస్తు పెట్టలేదు కదా మేడం. భూమి పన్ను రసీదు కూడా సారు పేరు మీదే ఉంది. ఆవిడ ఎలా రైతవుతుంది?”

వారం తర్వాత ఫలితం వచ్చింది. ‘మొబైల్ ఫోన్ సాంకేతికతతో కోళ్ల నిర్వహణలో నూతన పద్ధతి కనిపెట్టినందుకు’ ఉత్తమ పెరటి రైతు శ్రీ ఇట్టియవిర!

చింగం ఒకటిన సారు భుజాల మీద శాలువా పడింది. ముప్ఫై మూడేళ్ల దాహం తీరింది. వేదిక కింద లోకల్ చానెల్ అమ్మాయి మూడో వరసలో ఉన్న శోశామ్మ ముందు మైకు పెట్టింది.

“ఆంటీ, సార్‌కి మీరేమైనా సాయం చేస్తుంటారా?”

శోశామ్మ నోరు తెరిచేలోపు వేదిక దిగి వచ్చిన శాలువా మైకు మీదికి వంగింది.

“అప్పుడప్పుడు.”

మర్నాడు పొద్దున ఏడింటికి సారు లేచేసరికి గూట్లో పన్నెండు గొంతులు గోల పెడుతున్నాయి. ఆమె వరండాలో కుర్చీలో కాళ్లు చాపుకుని టీ తాగుతోంది.

“ఏమే, గూడు తియ్యలేదా?”

“అప్పుడప్పుడు తీస్తుంటాను ఇచ్చాయా. ఇవాళ ఆ అప్పుడు కాదు.”

మర్నాడూ కాలేదు. మూడో రోజూ కాలేదు. మేత, నీళ్లు సారు ఎలాగో నెట్టుకొచ్చాడు. రెట్ట ట్రే మాత్రం నిండి పొంగింది. ముందుకి లాగాడు, రాలేదు. పక్కకి లాగాడు, వేలు తెగింది. తంకప్పన్ ముక్కుకి తువ్వాలు చుట్టుకుని తిరుగుతున్నాడు. చివరికి సారు అభిమానం చంపుకుని వరండాలోకి వచ్చాడు.

“ఆ ట్రే ఎటు లాగితే వస్తుందే?”

“నాకేం తెలుస్తుంది? శాలువా మీది కదా.”

అదృష్టం బాగుండి, శాలువాతో పాటు సారుకి ఇంకొకటి కూడా దక్కింది. ‘రాష్ట్ర ఉత్తమ పెరటి కోళ్ల రైతులు’ అనే వాట్సాప్ గ్రూపులో సభ్యత్వం. నూట ముప్ఫై ఏడు మంది. అందరూ మగవాళ్లే, అందరి ఫొటోల్లోనూ శాలువాలే. కోళ్ల గురించి వాళ్లకి తెలియనిది ఉంటుందా?

సారు తెగిన వేలితోనే టైప్ చేశాడు: ‘మిత్రులారా, హైటెక్ గూటిలో రెట్ట ట్రే ఎటు లాగాలి?’

వెంటనే జవాబులు మొదలయ్యాయి.

అలప్పుళ నుంచి, రెండుసార్లు శాలువా కప్పించుకున్నాయన: ‘చాలా మంచి ప్రశ్న సార్. ఒక్క నిమిషం, ఇంట్లో అడిగి చెప్తాను.’

త్రిశూర్ నుంచి: ‘మాదీ అదే మోడల్. ఆవిడ గుడికెళ్లింది, రాగానే కనుక్కుంటాను.’

కన్నూర్ నుంచి: ‘మా ఇంట్లో ట్రే కూడా ఉందా సార్?’

ఇట్టియవిర సారు ఫోన్ పట్టుకుని, ముక్కు మూసుకుని గూటి ముందు నిలబడ్డాడు. రాష్ట్రం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఉత్తమ రైతులందరూ వంటిళ్ల వైపు తిరిగి ఒకేసారి కేక వేస్తున్నారు.