సలోమమ్మ గారి ఆపిల్ పై పంపకాలు

సలోమమ్మ పోయాక చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూడిక జరిగిన మర్నాడే, ఆమె చేసే ఆపిల్ పై రుచిని ముగ్గురు పిల్లలకూ వాటాలు వేసి పంచారు. పెద్దవాడు యోనాకు తీపి వచ్చింది. రెండోది దోర్కాకు పులుపు రాసి, అది కాస్త తక్కువైందని గొడవ చేస్తే అంచుల కరకర కూడా కలిపారు. చివరిది రూతు. చివరివాళ్ళకు ఏది మిగిలితే అదే వాటా కనుక ఆమెకు దాల్చినచెక్క వాసన దక్కింది. మండల సర్వేయరు వచ్చి, ఫ్రిజ్‌లో ఉన్న ఆఖరి ముక్కను చెంచాతో కొలిచి, హద్దులు చూపించి, టీ తాగి వెళ్ళాడు.

ఇందులో వింతేమీ లేదు. తెల్లగుంట మండలంలో రుచుల పంపకం ముందునుంచీ ఉన్నదే. అన్నదమ్ములు వేరుపడితే మధ్యలో గోడ కట్టుకుంటారు, గోడతోపాటు అమ్మ చేతి పప్పుచారు కూడా చీలుతుంది. ఒకరింట్లో చింతపండు, రెండో ఇంట్లో తిరగమోత. ఉప్పును మాత్రం ఎవరి పేరునా రాయరు, బావి దగ్గరకు పోయే దారిలాగా అది ఉమ్మడిగానే ఉంటుంది. ఒకసారి పంపకం అయ్యాక ఎవరెంత బాగా వండుకున్నా నాలుకకు తెలిసేది తన వాటా మటుకే. మిగతా రుచి కూడా నోట్లోనే ఉంటుంది, కాని అది తమ్ముడిదో అక్కదో అయి ఉంటుంది. జనం దీనికి అలవాటుపడ్డారు. అలవాటైతే వేప కూడా తీపే అని పెద్దలు ఊరికే అనలేదు, బహుశా వాళ్ళకూ ఏదో ఒక వాటాయే వచ్చి ఉంటుంది.

సలోమమ్మ పెళ్ళికి ముందు రైల్వే బంగళాలో డిసౌజా దొరసాని దగ్గర వంటపని చేసింది. మైదా పొరల మధ్య ఆపిల్ ముక్కలు పెట్టి కాల్చే ఆపిల్ పై నేర్చింది అక్కడే. దొరసానికి ఓవెన్ ఉండేది, సలోమమ్మకు లేదు. పాత సత్తు డేగిసాలో ఇసుక పోసి, దాని మీద రేకు పళ్ళెం పెట్టి, మూత మీద నిప్పులు పరిచేది. మైదాలో గేదె వెన్న వేసి వేళ్ళ కొసలతో పొడిపొడిగా కలిపేది. అరచెయ్యి తగిలితే వెన్న కరిగిపోతుందని పిల్లల్ని దగ్గరకు రానిచ్చేది కాదు. ఉత్తరాది నుంచి వచ్చే పార్సిలు బండిలో దెబ్బతిన్న ఆపిళ్ళు ఉంటే గార్డు పక్కన పెట్టేవాడు. రైల్వే కాలనీలో దాన్ని ‘ఆపిల్ బొబ్బట్టు’ అని వెక్కిరించేవాళ్ళు, వెక్కిరించినవాళ్ళే క్రిస్మస్ నాడు పళ్ళెం పట్టుకుని అందరికంటే ముందు నిలబడేవాళ్ళు. పండగ ముందురోజు మధ్యాహ్నం పిల్లలు ముగ్గురూ డేగిసా చుట్టూ కూర్చునేవారు. మూత తియ్యమని రూతు ఏడ్చేది. ఆ ఏడుపు కూడా ఇప్పుడు తలుచుకుంటే ఆమెకు బాగుంటుంది.

పంపకం తరువాత సంగతులు అనుకున్నట్టు నడవలేదు. తీపి చేతికొచ్చిన ఏడాదికే యోనాకు షుగరు వచ్చింది. గూడ్సు బండి నడిపి రిటైరైన మనిషి, సిగ్నల్‌ను దాటడమంటే ఎరగడు, డాక్టరు వద్దనగానే మానేశాడు. వాటా బీడు పడింది. దాన్ని తనకు కౌలుకివ్వమని దోర్కా అడిగింది. అమ్మ ఆస్తి పరుల చేతికివ్వనని ఆయన అన్నాడు. “నేను పరాయిదాన్నా?” అని దోర్కా లేచిపోయింది. కరకరలాడే పులుపు ఒక్కటే తిని తిని ఆమె మాట కూడా అలాగే తయారైందని కాలనీలో చెప్పుకున్నారు. అన్నాచెల్లెళ్ళు ఒకే వీధిలో ఉంటూ, చర్చిలో ఒకే వరుసలో కూర్చుంటూ, మాటలు మానేశారు.

రూతు మటుకు ప్రతి క్రిస్మస్‌కూ పై చేస్తూనే ఉంది. కరెంటు ఓవెన్ కొనుక్కుంది. అది వేడెక్కగానే ఇల్లంతా దాల్చినచెక్క వాసన నిండేది, అమ్మ వంటింట్లో ఉన్నట్టే అనిపించి రూతుకు గుండె నిండిపోయేది. ఆ సంతోషంతో ముక్క నోట్లో పెట్టుకుంటే ఏమీ ఉండేది కాదు, తడిపిన అట్టముక్క నమిలినట్టుండేది. ఆమె కూతురు లిల్లీకి పన్నెండేళ్ళు. తల్లి వాటాయే పిల్లకూ వస్తుంది కనుక ఆ పిల్లకూ అంతే.

“అమ్మమ్మ పై అంటే వాసనేనా మా?” అని లిల్లీ ఒకరోజు అడిగింది.

 అదే వారం తహసీల్దారు ఆఫీసు నుంచి మనిషి వచ్చి కబురు చెప్పి వెళ్ళాడు: ఇప్పటి పంపకం తాత్కాలికం, ఈ క్రిస్మస్‌తో పక్కా అవుతుంది, ఆ తరువాత ఎవరి వాటా వాళ్ళ సంతానానికే, తరతరాలకూ. అంటే లిల్లీకి, లిల్లీ పిల్లలకు, ఆ పిల్లల పిల్లలకు, సలోమమ్మ అంటే ఉత్త వాసన. రూతు ఆ రోజు తను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి తహసీల్దారు ఆఫీసుకు పోయింది.

రుచుల సెక్షను చూసేది డిప్యూటీ తహసీల్దారు పెంచలయ్య. మనిషి మంచివాడే కాని, ఎప్పుడు చూసినా ఎవరో చెంప మీద కొట్టినట్టు మొహం పెట్టుకుని ఉంటాడు.

“పంచింది మళ్ళా కలపొచ్చా సార్?” అంది రూతు.

“కలపొచ్చమ్మా. ఎవురూ కలపరు గాని, కలపొచ్చు.”

“ఏం చెయ్యాల?”

“హక్కుదారులందరూ ఈడికొచ్చి, మా ఎదురుగా, ఒకే పళ్ళెంలో తినాల. చేసేది గూడా ఈడే చెయ్యాల. పండగ లోపల.” ఆయన టీ ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు. “ఇంతవరకూ ఎవురూ రాలా. పొలం కలుపుకున్నోళ్ళుండారు గాని, పప్పుచారు కలుపుకున్నోళ్ళు లేరు.”

రూతు ముందు అన్న దగ్గరకు పోయింది. యోనా వరండాలో కూర్చుని పంచదార లేని కాఫీ తాగుతున్నాడు.

“దోర్కా వస్తే నేను రాను మే,” అన్నాడు.

తరువాత అక్క దగ్గరకు పోయింది. దోర్కా కుట్టుమిషను ఆపకుండానే, “ఆయనొచ్చే కాడికి నేనెందుకు వస్తా? తినడు, తిననియ్యడు, గడ్డివామి కాడ కుక్క,” అంది.

బతిమాలి లాభం లేదని రూతుకు అర్థమైంది. అందుకని ఇద్దరి దగ్గరకూ లిల్లీని పంపించింది. ఆ పిల్ల మామనూ పెద్దమ్మనూ అడిగింది ఒక్కటే: “అమ్మమ్మ పై ఎట్టుండేదో చెప్తారా?” యోనా తీపి గురించి చెప్పి ఆగిపోయాడు. దోర్కా పులుపు దగ్గర ఆగిపోయింది. తమకు తెలిసింది అంతేనా అని ఇద్దరికీ అనుమానం వచ్చింది, ఆ అనుమానం తింటుంటే నిద్రపట్టలేదు. మూడోరోజు పొద్దున ముగ్గురూ ఆఫీసు మెట్ల దగ్గర కలిశారు. ఎవరూ ఎవరినీ పలకరించలేదు, కాని వచ్చారు.

ఆఫీసులో ఉన్న ఒక్క ప్లగ్గూ కంప్యూటర్‌కే సరిపోతుంది కనుక, రూతు అటక మీద నుంచి అమ్మ డేగిసా దించి తెచ్చింది. వరండాలో ఇసుక పోసి, నిప్పులు రాజేసి, మూత పెట్టింది. పాస్‌పుస్తకాల కోసం వచ్చిన రైతులు పక్కకు జరిగి చోటిచ్చారు. ఇలాంటివి ఆఫీసులో చూస్తూనే ఉంటాం అన్నట్టు కూర్చున్నారు. పై దించాక చూస్తే అడుగు నల్లగా మాడింది. ఓవెన్‌కు అలవాటుపడ్డ రూతు నొచ్చుకుని, మాడును కత్తితో గీరి ఒక విస్తరాకు ముక్క మీద పక్కన పెట్టింది. ముక్క కోసి పళ్ళెంలో పెట్టింది. మూడు చేతులు ఒకే పళ్ళెంలోకి వెళ్ళాయి.

యోనాకు పులుపు తగిలింది. అయిదారు చక్రాలు పట్టాలెక్కినట్టు ఆయన ఒళ్ళు ఒకసారి కదిలింది. దోర్కాకు ఇన్నాళ్ళ తరువాత తీపి తెలిసింది, తెలియగానే అన్న వైపు చూసి, చూసినందుకు సిగ్గుపడి తల దించుకుంది. రూతుకు అన్నీ తెలిశాయి. బాగుంది. చాలా బాగుంది. కాని అది బజారులో కొన్నట్టు బాగుంది. అమ్మ చేసినట్టు లేదు.

పెంచలయ్య తల అడ్డంగా ఊపాడు. “కలవలా. ఇంకో వాటా ఉండాది.”

“ఇంకేం వాటా? ముగ్గురమే గదా!” అంది దోర్కా.

“మాడు. ఆ రోజు పంపకంలో దాన్ని ఎవురూ అడగలా. ఎవురూ అడగంది బేవారసు, సర్కారుకు జమ. సర్కారు ఆస్తికి కాపలాదారు ఉండాల గదా, నేనే.” ఆయన గొంతు తగ్గించాడు. “ఈ సీటులోకొచ్చిన మూడేండ్లుగా నాకు ఇడ్లీ తిన్నా మాడే, టీ తాగినా మాడే, గుళ్ళో పులిహోర తిన్నా మాడే. వంటకు వంక పెడుతుండానని మా ఆడామె అలిగి పలకడం మానేసింది. మీదొక్కటే గాదు, ఈ మండలంలో పంచుకున్న ఇండ్లు ఎన్నుండాయో అన్ని మాడ్లూ నా నాలిక మీదే ఉండాయి.”

“అయితే మాకిచ్చెయ్యండి,” అన్నాడు యోనా.

“ఇస్తా. ముందు అనుభవం రుజువు కావాల. మీ అమ్మ ఉన్నప్పుడు, మీ ముగ్గురిలో అడుగు మాడు తిన్నది ఎవురు?”

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పాస్‌పుస్తకాల రైతులు కూడా నేల చూపులు చూశారు.

“అమ్మ తినేది,” అంది దోర్కా చివరకు. “అమ్మకు మాడంటే ఇష్టం సార్.”

“మండలంలో అమ్మలందరికీ ఇష్టమేనమ్మా,” అన్నాడు పెంచలయ్య. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు, రికార్డులో ఉన్నది చెప్పాడు అంతే.

రూతుకు కళ్ళనీళ్ళు ఆగలేదు. మూత తియ్యమని ఏడ్చింది గుర్తుంది, మొదటి ముక్క తనకే కావాలని పేచీ పెట్టింది గుర్తుంది. అమ్మ ఏం తిన్నదో గుర్తుచేసుకుందామంటే, పళ్ళెం గీరుతున్న చప్పుడు తప్ప ఏమీ రాలేదు. ఇంత వయసొచ్చి, తనూ ఒక బిడ్డ తల్లై కూడా, ఆ చప్పుడు గురించి ఒక్కసారీ అడగలేదు.

“రుజువు లేకపోతే ఇంకో దోవ ఉండాది,” అన్నాడు పెంచలయ్య. “వారసుల్లో ఒకరు, పదిమంది ఎదురుగా దాన్ని తిని, ‘నాకు ఇదే ఇష్టం’ అని చెప్పాల. ఆ మాటే పట్టా. అన్ని ఇండ్లలోనూ అమ్మల చేతికి అది అట్టాగే వచ్చింది.”

రూతు కళ్ళు తుడుచుకుని విస్తరాకు వైపు చెయ్యి చాపింది. “నా పేరు రాయండి. నేను తల్లినే గదా.”

“ఆగు మే,” అన్నాడు యోనా. ఆయన ఆకును తన వైపు లాక్కున్నాడు. “మూడేండ్లు తీపి దగ్గర పెట్టుకున్నా. నేను తినలా, దోర్కాను తిననీలా. డాక్టరు నాకు ఒప్పుకునే రుచి ఇదొక్కటే. నా పేరున రాయండి సార్.”

మాడు నోట్లో వేసుకుని నమిలాడు. “నాకు ఇదే ఇష్టం,” అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, చేదుకో దేనికో. దోర్కా మంచినీళ్ళ గ్లాసు అన్న ముందుకు జరిపింది. ఆ ఇద్దరి మధ్యా మూడేళ్ళలో జరిగిన మొదటి ఉత్తర ప్రత్యుత్తరం అదే.

పెంచలయ్య కంప్యూటర్‌లో పేరు కొట్టాడు, వెనక్కి వచ్చింది. మళ్ళా కొట్టాడు, మళ్ళా వచ్చింది. “తీసుకోడంలా. మాడు వాటాకు ‘తల్లి పేరు’ అని ఒక్క గడే ఉండాది. మగపేరు దాంట్లో ఇంతవరకూ ఎవురూ కొట్టలేదు.”

“అయితే నన్ను తల్లి అని కొట్టండి.”

పెంచలయ్య ఆలోచించాడు. రిటైరైన గూడ్సు డ్రైవరు తల్లి కాకూడదని నిబంధన ఎక్కడా లేదు, అవసరం పడక ఎవరూ రాయలేదు. సంబంధం అనే చోట ‘తల్లి’ అని కొట్టాడు. కంప్యూటర్ ఒప్పుకుని, నాలుగు వాటాలూ కలిసినట్టు చూపించింది. అప్పుడే ఆఫీసు టీ వచ్చింది. పెంచలయ్య ఒక గుక్క తాగి ఆగాడు, ఇంకో గుక్క తాగాడు. అందులో అల్లం ఉంది. ఒక్క ఇంటి మాడు తగ్గినందుకే అల్లం పైకి తేలింది. ఆయన వెంటనే ఇంటికి ఫోన్ చేసి, “పొద్దున ఇడ్లీ బాగానే ఉండిందనుకుంటా మే,” అన్నాడు. అవతలి నుంచి ఏం జవాబు వచ్చిందో ఆఫీసుకు తెలియరాలేదు.

అధికారికంగా తల్లి అయిన దగ్గర నుంచి యోనా జీవితం మారింది. ఇంట్లో ఎవరి తువ్వాలు కనపడకపోయినా ఆయన్నే అడిగారు. ఆయన భార్య రెండు రోజులు అనుమానంగా చూసి, మూడోరోజు కుర్చీలో కూర్చుని కాఫీ అడిగింది. అందరికంటే ముందు లేవడం, అందరూ తిన్నాక కూర్చోవడం ఆయనకు ఎవరూ చెప్పకుండానే వచ్చేశాయి. కాళ్ళు నొప్పులని ఒకసారి అన్నాడు కాని ఎవరికీ వినపడలేదు.

క్రిస్మస్ నాడు అందరూ రూతు ఇంట్లో చేరారు. దోర్కా ఆపిళ్ళు కోసింది, రూతు మైదా కలిపింది, యోనా నిప్పులు చూసుకున్నాడు. డేగిసా మూత తీశాక ఎవరి ముక్కలో వాళ్ళకు రుచి మొత్తం దొరికింది. లిల్లీ మొదటి ముద్ద మెల్లగా నమిలి, వెంటనే రెండోది తీసుకుంది. సలోమమ్మ ఆ పిల్లకు ఇప్పుడు పూర్తిగా పరిచయమైంది.

“నువ్వు తినలేదేం మామా?” అంది కాసేపటికి.

“నాకు మాడే ఇష్టం తల్లీ. మీరు తినండి,” అన్నాడు యోనా, పళ్ళెం గీరుకుంటూ.

అందరూ ఆ మాట నమ్మేశారు. ఆఫీసులో జరిగిందంతా కళ్ళారా చూసిన దోర్కా నమ్మింది, ఏడ్చిన రూతు కూడా నమ్మి ఇంకో ముక్క వేసుకుంది.

లిల్లీ నమ్మలేదు. తన ముక్కలో కాస్త విరిచి మామ పళ్ళెంలో పెట్టి, ఆయన మాడులో సగం తీసుకుంది. నమిలి, మొహం వికారంగా పెట్టింది.

“చేదుగా ఉంది మామా,” అంది.

ఆ ఇంట్లో ఆ సంగతి ఒకరు పైకి అనడం అదే మొదటిసారి.