పందొమ్మిది పొగడ్తల అర్జీ

సింధనూరు ప్రజలు ఇక కష్టాలు వెతుక్కోవాల్సిన పని లేదని, క్షణంలో మా ఆఫీసే వెతికి పెడుతుందని మంత్రిగారు సోమవారం ప్రకటించారు. అంత గొప్ప మాట రాసిచ్చింది ఆయన పి.ఎ.నైన నేనే.

నలభై వేల అర్జీలు కంప్యూటరెక్కాయి. ఏది ముందు రావాలో తేల్చడానికి రెండు పద్ధతులకు పోటీ పెట్టాం. వెతికే మాట ఎక్కువసార్లున్న అర్జీ పైకి రావడం మొదటిది. సిఫార్సు ఉత్తరాలు ఎక్కువున్నది పైకి రావడం రెండోది. ఈ రెండోది మా దగ్గర ముప్పై ఏళ్లుగా కంప్యూటర్ లేకుండానే నడుస్తోంది. దాన్ని ర్యాంకింగ్ అంటారని నాకిప్పుడే తెలిసింది.

"పైకొచ్చింది సరైందా కాదా మీరే చెప్పాలె సార్," అన్నాడు రాయచూరు ఇంజనీరు వాదిరాజ్.

అప్పటికే వెంకటరత్నమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. తుర్విహాళ దగ్గర కాలువ చివరి పొలం ఆవిడది.

"వరి పొట్టమీదుంది బాబూ. ఈ వారం తడి పడకపోతే గడ్డే మిగులుద్ది. నా అర్జీ చూడు."

ఆ అర్జీ రాసిపెట్టిందీ నేనే. వాదిరాజ్ 'కాలువ నీళ్లు' అని కొట్టాడు. అర సెకనులో రెండు పద్ధతుల్లోనూ ఒకే అర్జీ పైకొచ్చింది. రైసుమిల్లు ఆసామి ఈతకొలనుకు కాలువ నీళ్లు కావాలన్నాడు, ముప్పైసార్లు, పదకొండు సిఫార్సులతో. ఆయన మంత్రిగారి వియ్యంకుడు. సరైనదేనని టిక్కు పెట్టాను. కచ్చితత్వం నూటికి నూరు.

"అమ్మ అర్జీ వెయ్యి దాటినా కనబడ్తలేదు." వాదిరాజ్ ఆవిడ పేరుతో వెతికి దాన్ని తెరిచాడు. " ఏంది సార్, గిట్ల రాసిండ్రు? నీళ్లు ఒక్కసారే ఉన్నయి, మంత్రిగారి పేరు పందొమ్మిదిసార్లు!"

అర్జీ అన్నాక మర్యాద ఉండాలి కదా! అపర భగీరథుడని కూడా రాశాను.

ఇంతలో మంత్రిగారొచ్చి తన పేరు కొట్టమన్నారు. వెంకటరత్నమ్మ అర్జీ మొట్టమొదట వచ్చింది. మొదటి పేరా చదివి ఆయన కళ్లు తుడుచుకున్నారు. నీళ్ల మాటున్న చివరి వాక్యం దాకా వెళ్లలేదు.

"ఇంత అభిమానమా! ఆవిడ పొలంలోనే సన్మానం చేయించుకుంటా."

నేను నోరు తెరిచాను. "బాగా రాశావోయ్," అన్నారు. మూసేశాను. ఛీ, ఏం నోరో నాది!

శుక్రవారం ఆవిడ పొలంలో వేదిక కట్టాం. దుమ్ము లేవకుండా ట్యాంకర్లు తెప్పించి చుట్టూ నీళ్లు కొట్టించాను. మంత్రిగారికి కప్పాల్సిన శాలువా పట్టుకుని, నెర్రెలిచ్చిన మడి గట్టున నిలబడి, వెంకటరత్నమ్మ ఆ తడి నేలకేసి చాలాసేపు చూసింది.

"బాబూ, ఈ సభ రోజూ పెట్టించరాదూ?" అంది.