డాబా మీది గాలిమరకు జేజేలు

గాలి లేకపోయినా తిరిగే గాలిమర మీ ఇంటి మీద ఉందా? లేకపోతే మీరింకా పాతకాలంలోనే ఉండిపోయారని చెప్పడానికి చింతిస్తున్నాను. మా బిల్డింగ్ డాబా మీద ఉంది!

దాన్ని తెచ్చిన ఘనత మా ఆయనది. బిల్డింగ్ సంఘానికి సెక్రటరీ అయిన దగ్గర్నుంచి ఆయనకు భూగోళం వేడెక్కిపోతోందన్న బెంగ పట్టుకుంది. ఒకరోజు గాలిమరల కంపెనీ సేల్స్‌మన్ బుల్లి గాలిమర ఒకటి తెచ్చి మా హాల్లో బల్ల మీద పెట్టాడు. ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టి స్విచ్ వేశాడు. గాలిమర గిర్రున తిరిగింది, దానికి తగిలించిన బల్బు వెలిగింది. సంఘం సభ్యులంతా చప్పట్లు కొట్టారు. ఫ్యాన్‌కు కరెంటు ఎక్కడిదని ఎవరైనా అడిగారా? అడగరు! అందరం చదువుకున్నవాళ్లం.

అసలు గాలిమర వచ్చి డాబా ఎక్కింది. ఎక్కింది మొదలు బిగుసుకుని నిలబడింది. మా చుట్టూ మాకంటే ఎత్తైన బిల్డింగులు. వాటి సందుల్లోంచి వచ్చే గాలి మనిషికి హాయిగా సరిపోతుంది గానీ, ఆ రెక్కలకు చాలదట. చాలకపోతేనేం? ఆధునిక యంత్రం అన్నాక ఆమాత్రం బెట్టు ఉండాలి. పిలవగానే తిరగడానికి అదేమైనా ఇంటి కోడలా?

దాని భద్రత కోసం డాబా తలుపుకు తాళం పడింది. ఇక్కడ మా అత్తగారి సంగతి చెప్పాలి. ఆవిడకు ఆయాసం. సాయంత్రమయ్యేసరికి ఇంట్లో ఊపిరాడదు. గోడ పట్టుకుని మెట్లెక్కి, డాబా మీద తన ప్లాస్టిక్ కుర్చీలో కాసేపు కూర్చుంటే గానీ ప్రాణం కుదుటపడదు.

"నా గాలికి తాళం వేశావేమిట్రా?" అని కొడుకును అడిగారు.

"నీ గాలేమిటమ్మా! అది కరెంటు అవుతుంది. ఆ కరెంటుతో నీ గదిలో ఫ్యాన్ తిరుగుతుంది" అన్నారు మా ఆయన.

ఎంత ముందుచూపు! ఊరికే వచ్చే గాలిని పట్టి, యంత్రంలో తిప్పి, తీగల్లోంచి లాగి, మళ్లీ గదిలో గాలిగా విసరడం మామూలు బుర్రలకు తడుతుందా?

ఇంతలో పక్క బిల్డింగ్ సంఘంవాళ్లు చూడ్డానికి వస్తామన్నారు. కదలని గాలిమరను చూపిస్తే పరువు పోదూ? సేల్స్‌మన్ చూపించిన దారి ఉండనే ఉంది. మా అత్తగారి గదిలోని స్టాండు ఫ్యాన్‌ను మా ఆయన పైకి మోయించి, నీళ్ల ట్యాంకు చాటున పెట్టి, గాలిమర వైపు తిప్పారు.

అతిథులు వచ్చారు. "మావైపు ఇంత గాలి లేదండీ, మీరు అదృష్టవంతులు" అన్నారు. మా ఆయన వినయంగా నవ్వుతున్నారు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. గాలిమర కూడా ఆగిపోయింది!

అతిథుల్లో ఒకాయన ట్యాంకు వెనక్కి తొంగిచూశారు. "కరెంటు పోతే ఈ ఫ్యాన్ ఆగింది, బాగుంది. మరి అదెందుకు ఆగిందండీ?"

అంతలోనే, తలుపు తీసి ఉందని తెలిసి అత్తగారు పైకి వచ్చేశారు. ఫ్యాన్ కూడా లేని గదిలో ఎంత ఉక్కిరిబిక్కిరయ్యారో, మొహమంతా చెమటలు. ఆవిడ నేరుగా వెళ్లి తన కుర్చీలో కూలబడ్డారు. కాసేపటికి నెరిసిన ముంగురులు మెల్లగా కదిలాయి.

"అమ్మా, తాళం వేయాలి, కిందికి రా" అన్నారు మా ఆయన.

"నువ్వు వెళ్లు నాయనా. నీ కరెంటు వచ్చాక కబురు చెయ్యి" అన్నారావిడ.

ఆ రోజు నుంచి డాబా తాళం కనిపించడం లేదు. సెక్రటరీగారు ఇల్లంతా గాలిస్తున్నారు. నేనూ ఆయనతోపాటు శ్రద్ధగా వెతుకుతున్నాను.

కాబట్టి పాఠకులారా, గాలిమరల మీద అపనమ్మకం వద్దు. వాటివల్ల లాభం లేదనేవాళ్లు మా డాబాకు వచ్చి చూడండి. రోజూ ఉతికిన దుప్పట్లు ఆ రెక్కల మీదే ఆరేస్తున్నాం. పక్కనే కుర్చీలో మా అత్తగారు తీరిగ్గా గాలి పీల్చుకుంటూ కాపలా కాస్తున్నారు. దుప్పట్లు చక్కగా ఆరుతున్నాయి. ఇంతవరకూ ఒక్కటి కూడా గుండ్రంగా తిరగలేదు!