ఎర్రగుర్తు పడ్డ మెట్లు

ఆ ఉదయం ఇన్‌స్పెక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకి వెళ్లే దారిలో అక్క ఇంటి ముందు ఆగడం, ఆమె మెట్ల మీద తను వేసిన ఎర్రగుర్తుని తనే తుడిచేయడం, ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు వెళ్లి కుర్చీలో కూర్చోవడం. అందుకు కావలసిన సరంజామా ఒక కిరోసిన్ సీసా, ఒక పాతగుడ్డ. పాతగుడ్డ దగ్గరే మొదటి చిక్కు వచ్చిపడింది.

"అది పాతగుడ్డ కాదండీ, నా తువ్వాలు," అంది భార్య వంటింట్లోంచి తొంగిచూసి. "అయినా మీ అక్కతో మాట కలపడానికి నోరు చాలదా? కిరోసిన్ దేనికి?"

"నోటితో అయ్యే పనైతే ఇన్నాళ్లు చూస్తూ ఊరుకుంటానా? నన్ను చూడగానే మొహం తిప్పుకుంటోంది."

"సరే, వెళ్లిరండి. మీరెలా వచ్చినా నా తువ్వాలు మాత్రం తెల్లగా రావాలి."

ఇన్‌స్పెక్టరు మున్సిపల్ ఆఫీసులో కట్టడాల విభాగం చూస్తాడు. ఒకరి గోడ పక్కింటి స్థలంలోకి జరిగినా, మరొకరి అరుగు రోడ్డు మీదికి కాళ్లు చాపినా ఫిర్యాదుల నంబరుకి ఫోన్ వస్తుంది. ఫోన్ చేసినవాళ్ల పేరు అడగకూడదు. అడిగితే ఊళ్లో సగం మంది మిగతా సగం మంది మొహం చూడరని పెద్దలు ముందే ఆలోచించి పెట్టిన నియమం అది. ఆపైన ఇన్‌స్పెక్టరు టేపు పట్టుకుని వెళ్లి కొలుస్తాడు. తప్పు తేలితే ఎర్రరంగుతో ఇంటూ గుర్తు వేసి వస్తాడు. పక్క గదిలో ఉండే నీళ్ల విభాగం వాళ్లూ గుర్తులే వేస్తారు, పైపు కారుతున్న చోట, అదే ఎర్రరంగుతో. కాకపోతే వాళ్లది సున్నా. రెండు విభాగాలకీ కలిపి స్టోరు గుమాస్తా ఇచ్చేది ఒకటే డబ్బా. వేరే రంగు ఇప్పించమని ఇద్దరూ మొత్తుకుని మొత్తుకుని, చివరికి ఇంటూ ఉంటే పగలగొట్టాలి, సున్నా ఉంటే తవ్వాలి అని సర్దుకున్నారు.

అక్క ఇంటి మెట్లకి పడింది ఇంటూ గుర్తే. వేసింది తమ్ముడే.

ఆ మెట్లు బావగారి చేతి పని. బావగారు రిటైరైన లెక్కల మాస్టారు. వాన కురిసినప్పుడల్లా వీధి నీళ్లు గుమ్మంలోకి వస్తున్నాయని, మేస్త్రీని పిలవకుండా తనే కొలతలు వేసి, తనే సిమెంటు కలిపి, గుమ్మాన్ని బాగా ఎత్తుచేసి, దాని ముందు మెట్లు కట్టుకున్నారు. ఎక్కినవాడు ఇంట్లోకి వచ్చానా, మేడ మీదికి వచ్చానా అని ఓసారి వెనక్కి తిరిగి చూసుకునేంత ఘనంగా వచ్చాయి. వచ్చిన చుట్టాలందరికీ అక్క ముందు మెట్లు చూపించి, తర్వాత మంచినీళ్లు ఇచ్చేది. అంత ముచ్చటగా ఉన్న సమయంలో ఎవరో పుణ్యాత్ములు ఫోన్ చేశారు, ఆ మెట్లు రోడ్డు మీదికి వచ్చాయని. వచ్చిన మాట నిజం. టేపుకి అక్కా తమ్ముడూ తెలియదు. తలెత్తకుండా గుర్తు వేస్తున్నంతసేపూ అక్క గుమ్మంలో నిలబడి చూసింది. ఒక్క మాట అనలేదు.

ఆనాటి నుంచి అసలు మాటే లేదు. ఫోన్ చేస్తే బావగారి చేతికి ఇచ్చేస్తుంది. ఇంటికి వెళ్తే వంటింట్లో ఎక్కడలేని పనీ పుట్టుకొస్తుంది. కాఫీ వస్తుంది, కానీ బావగారి చేత్తో వస్తుంది. తల్లి మంచాన పడ్డ రోజుల్లో అతనికి నిక్కరు బొత్తాలు పెట్టిందీ, తప్పు చేస్తే వీపు విమానం మోత మోగించిందీ, దెబ్బలు తిని వస్తే కొట్టినవాడి ఇంటి మీదికి దండయాత్రకి వెళ్లిందీ ఆ అక్కే. ఆమె తిట్లు తిని పెరిగినవాడికి ఆమె మౌనం గొంతు దిగడం లేదు. రెండు చెంపలూ వాయించినా హాయిగా ఉండేదని రాత్రుళ్లు అనుకుంటున్నాడు.

ఫోన్ చేసింది ఎదురింటి పిన్నిగారేనని అతను ఎప్పుడో తేల్చేసుకున్నాడు. మెట్లు కొట్టే పని మాత్రం రకరకాల సాకులతో వాయిదా వేస్తూ వచ్చాడు. వానలన్నాడు, ఎండలన్నాడు, ఒకసారి టేపు సాగిపోయిందన్నాడు. తను వాయిదా వేసినకొద్దీ అక్క మొహం ఇంకా ముడుచుకుపోయిందే తప్ప విప్పారలేదు. ఇక గుర్తే లేకుండా చేస్తే తప్ప లాభం లేదని, ఉద్యోగంలో చేరాక మొట్టమొదటి తప్పుడు పనికి కిరోసిన్ సీసాతో బయల్దేరాడు.

వీధిలో ఎవరూ లేరు. కింది మెట్టు ముందు గొంతుక్కూర్చుని, గుర్తు మీద కిరోసిన్ పోసి, తువ్వాలుతో రుద్దాడు. రంగు పోలేదు, పాకింది. ఇంకా రుద్దాడు. ఇంటూ గుర్తు నాలుగు చేతులూ కలిసిపోయి చుట్టూ తిరిగి గుండ్రంగా తయారైంది. మున్సిపల్ ఆఫీసు కొన్న సరుకుల్లో ఇంత నాణ్యమైనది ఒకటుందని అతనికి ఆ క్షణంలోనే తెలిసింది.

"ఏం బాబూ, మెట్లు కడుగుతున్నారా?"

నెత్తి మీద పిన్నిగారు. చేతిలో ఖాళీ బకెట్టు.

అబద్ధం చెప్పే అలవాటు లేనివాళ్లతో వచ్చే చిక్కు ఇదే. అవసరానికి చిన్నది దొరకదు. "కడగడం కాదండీ... లీకు. కింద పైపు కారుతోందని అనుమానం. గుర్తు పెడుతున్నా," అన్నాడు.

"కిరోసిన్‌తోనా?"

"రంగు గట్టిపడిపోతేనూ, పల్చన చేస్తున్నా."

"అదీ సంగతి!" పిన్నిగారి మొహం వెలిగిపోయింది. "మా కుళాయికి నీళ్లు దారంలా వస్తున్నాయి. ఎన్నాళ్లుగా చెబుతున్నా వినే నాథుడే లేడు. ఉండండి, ఇప్పుడే ఫోన్ చేస్తాను."

"మీకెందుకండీ శ్రమ, నేను ఆఫీసుకే కదా వెళ్తున్నా..."

"మీరు గోడలవారు. నీళ్లవారికి నేనే చెప్పుకుంటాలెండి."

ఇన్‌స్పెక్టరు పెద్దగా కంగారుపడలేదు. నీళ్ల విభాగం మేస్త్రీని ఊరంతా మెరుపు అంటుంది. వేగం చూసి పెట్టిన పేరు కాదు. ఒకసారి కనిపించాక మళ్లీ ఎప్పుడు కనిపిస్తాడో ఎవరూ చెప్పలేరు. ఆ మనిషి వచ్చేలోగా మెట్లకి కొత్త రంగే వేయించవచ్చు. అయితే ఆ పూట మెరుపు, ఖర్మకాలి, వెనక సందులోనే మనుషులతో పని ముగించుకుని టీకి బయల్దేరుతున్నాడు. కిరోసిన్ ఆరకముందే వచ్చి వాలాడు.

"ఏది సార్ లీకు?"

"లీకని కూడా కాదు, ఊరికే..."

"సున్నా ఉందిగా!" మెరుపు వంగి చూసి ఆనందించాడు. "మీరే వేశారట, పిన్నిగారు చెప్పింది. మన రెండు విభాగాల మధ్య ఇంత సహకారం నేనెప్పుడూ చూళ్లేదు సార్. ఒరేయ్, గడ్డపారలు తీయండి!"

ఇన్‌స్పెక్టరుకి ఎటూ పాలుపోలేదు. లీకు లేదంటే, మరి ఏం చేస్తున్నారన్న ప్రశ్న వస్తుంది. ఉందంటే మెట్లు పోతాయి. మెట్లతో పాటు అక్కా పోతుంది, ఈసారి శాశ్వతంగా.

"కాస్త పక్కన తవ్వి చూడరాదూ?"

"సున్నా ఒక చోట, గొయ్యి ఇంకో చోటా? రేపు సంజాయిషీ రాసుకోవాల్సింది నేను సార్."

గడ్డపారల చప్పుడికి మాస్టారు పేపరుతో సహా బయటికి వచ్చారు. సంగతి వినగానే పేపరు మడిచి చంకలో పెట్టుకుని, సరిగ్గా నడిమెట్టు మీద కూర్చున్నారు. "ఇవి నా చేత్తో కట్టినవి. ఎవడు ముట్టుకుంటాడో చూస్తాను," అన్నారు.

"మీ చెయ్యి చల్లగా ఉండాలి మాస్టారూ, మా కుళాయి మాటేంటి మరి?" అంది పిన్నిగారు.

నీళ్ల మాట వినేసరికి వీధి వీధంతా ఖాళీ బకెట్లతో సాక్ష్యానికి తరలివచ్చింది. మెట్లా, నీళ్లా అని రెండు పక్షాలు ఏర్పడ్డాయి. మెట్ల పక్షంలో మాస్టారు ఒక్కరే ఉన్నారు. ఆ గోలకి అక్క కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. తమ్ముణ్ణి చూసింది, గడ్డపారలు చూసింది, పెదవి మాత్రం కదపలేదు.

ఆ చూపుతో ఇన్‌స్పెక్టరుకి ఎక్కడలేని తెగింపూ వచ్చింది. మెట్లకి అడ్డంగా నిలబడి చేతులు రెండూ చాపాడు. "ఆగండి! ఇక్కడ ఏ లీకూ లేదు. మా అక్క మెట్ల మీద నేను వేసిన గుర్తు నేనే తుడిచేద్దామని వచ్చా. తుడుస్తుంటే సున్నా అయింది. తప్పు నాది. కావాలంటే నా మీద ఫిర్యాదు చేసుకోండి, మెట్ల జోలికి మాత్రం రావద్దు!"

మెరుపు గడ్డపార దించి పిన్నిగారి వైపు చూశాడు.

"పాపం, అక్క కోసం ఎంత అబద్ధమాడుతున్నాడో చూడండి," అంది పిన్నిగారు కళ్లొత్తుకుంటూ. "నిప్పులాంటి మనిషి! ఇంకెవరైనా గుర్తు తుడిచారంటే నమ్ముతాను గానీ, ఈయనా?"

అందరూ తలలూపారు. లీకుందంటే ఇట్టే నమ్మిన జనం, లేదంటే నమ్మడానికి ససేమిరా అన్నారు. మెరుపు గడ్డపార ఎత్తాడు.

"ఒరేయ్!"

అక్క గొంతు. ఇన్‌స్పెక్టరు గిరుక్కున తిరిగాడు. ఆ ఒక్క పిలుపు కోసం ఎన్నాళ్లుగా మొహం వాచిపోయి ఉన్నాడో అతనికే తెలుసు. "అక్కా!" అన్నాడు, చాపిన చేతులు దించకుండానే.

"పక్కకి జరగరా వెధవా. వాళ్లని కొట్టనివ్వు."

మాస్టారి చంకలో పేపరు జారిపోయింది.

"గుర్తు వేసి వెళ్లినవాడివి, మళ్లీ వచ్చావా?" ఆగిన మాటలన్నీ ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. "ఇవాళ కొడతావు, రేపు కొడతావు అని రోజూ వీధివైపు చూడటం, నువ్వు వానలనీ ఎండలనీ కబుర్లు పంపడం! సొంత తమ్ముడు ఇన్‌స్పెక్టరై ఉండి కూడా ఇంత చిన్న పని చేయించుకోలేకపోయాను. ఫోన్ చేసిందాన్ని నేనేరా!"

"నువ్వా?"

"నేనే. ఆ మెట్లు దిగుతుంటే మోకాళ్లు రెండూ నన్ను వదిలేసి వెళ్లిపోతున్నాయి. పెరటి సందులోంచి, మురుక్కాలవ దాటుకుంటూ బజారుకి వెళ్లొస్తున్నాను. వీధిగుమ్మంలోంచి దిగి ఎన్నాళ్లయిందో!"

"మరి నాతో చెప్పొచ్చుగా అక్కా! మాట్లాడటం ఎందుకు మానేశావు?"

అక్క కోపం కాస్త తగ్గింది. "నీ ఎదుట నా నోట్లో ఏదైనా దాగిందా ఎప్పుడైనా? నోరు తెరిస్తే చెప్పేస్తాను. నువ్వు వెళ్లి ఈయనకి చెప్పేస్తావు. ఎంత ముచ్చటపడి కట్టారని! చేతులు బొబ్బలెక్కితే రాత్రిళ్లు నేనే వెన్న రాశాను. ఆ మనిషితో, మీ మెట్లు నాకొద్దని ఏ నోటితో చెప్పను? మున్సిపాలిటీ కొట్టేసిందంటే ఆయన మున్సిపాలిటీని తిట్టుకుని ఊరుకుంటారనుకున్నా."

పిన్నిగారు బకెట్టు కింద పెట్టింది. అందరూ మాస్టారి వైపు చూశారు. ఆయన నడిమెట్టు మీద అలాగే కూర్చుని, సిమెంటుని అరచేత్తో ఓసారి నిమిరారు.

"నేను ఎక్కేటప్పుడు ఎప్పుడైనా చూశావా నువ్వు?" అన్నారు మెల్లగా.

"లేదు. నేను వెనక నుంచి కదా వస్తాను."

"మెట్టు మెట్టుకీ దేవుణ్ణి తలుచుకుంటున్నానే! లెక్కలో ఒక్క తప్పు లేదు. మోకాళ్లని లెక్కలో వేయడం మరిచిపోయాను. కానీ నువ్వేమో వచ్చినవాళ్లందరికీ గొప్పగా చూపిస్తున్నావాయె! పోనీలే, దానికి నచ్చాయి కదా అని పళ్లబిగువున ఎక్కుతున్నా."

అక్క నవ్వింది. నవ్వుతుంటే కళ్ల వెంట నీళ్లొచ్చాయి. ఇన్‌స్పెక్టరు కూడా మొహం పక్కకి తిప్పుకుని తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. అది కిరోసిన్ తువ్వాలు కావడంతో ఆ కన్నీళ్లు చాలాసేపు ఆగలేదు.

"ఇంతకీ కొట్టమంటారా, మానమంటారా?" అన్నాడు మెరుపు.

"మొదటి దెబ్బ నాది," అని మాస్టారు లేచారు. గడ్డపార ఆయన చేతికి లేవలేదు. బావా బావమరుదులు ఇద్దరూ కలిసి ఎత్తి ఒక దెబ్బ వేశారు, మిగతావి మెరుపు మనుషులు వేశారు. మెట్లు పోయాయి. కింద మట్టి మాత్రం పొడిగా, ఊదితే దుమ్ము లేచేటట్టుంది.

జనం ఇన్‌స్పెక్టరు వైపు తిరిగారు. అతను చెప్పింది నిజమేనేమో అన్న అనుమానం పిన్నిగారి మొహంలో మెల్లగా మొలవసాగింది. రెండు విభాగాల పరువూ పోతుందనుకున్నాడో ఏమో, మెరుపు పళ్లు బిగించి ఇంకొక్క పోటు పొడిచాడు. నేలలోంచి నీళ్లు ఇంటి కప్పంత ఎత్తుకి ఎగజిమ్మాయి.

"దొరికింది సార్! లీకు దొరికింది!" అని మెరుపు ఆ జల్లులో గెంతాడు. దాన్ని ఇప్పుడే పుట్టించింది తనేనన్న సంగతి అతనికి గుర్తు లేదు, గుర్తు చేసే తీరిక ఎవరికీ లేదు. ఉన్న బకెట్లన్నీ నిండిపోయాయి. వాల్వు కట్టేసి చూస్తే, పగిలిన పైపులో సగానికి పైగా తుప్పూ ఇసకా పేరుకుపోయి ఉంది. కుళాయికి నీళ్లు దారంలా రాక ఏమవుతాయి మరి! సాయంత్రానికి కొత్త పైపు వేస్తే పిన్నిగారి కుళాయి ధారకి బకెట్టే పక్కకి పడిపోయింది.

మధ్యలో కమిషనరు ఫోన్ చేశాడు. "సొంత అక్క మెట్లయినా సరే, దగ్గరుండి కొట్టించావటగా! పైగా లీకు కూడా పట్టావట! శభాష్. నీలాంటివాడు ఇంకొకడుంటే ఊరు బాగుపడిపోతుంది," అన్నాడు. ఇన్‌స్పెక్టరు జరిగింది జరిగినట్టు చెప్పబోయాడు. "వినయం కూడానా!" అని కమిషనరు ఫోన్ పెట్టేశాడు.

మెట్లు లేని గుమ్మం మనిషి నడుమెత్తున ఉంది. అక్క వంగి చెయ్యందించి తమ్ముణ్ణి పైకి లాక్కుంది. నిలువునా తడిసిన తల కొంగుతో తుడుస్తూ, కిరోసిన్ కంపేమిట్రా అనీ, చిక్కిపోయావేమిట్రా అనీ, ఇన్నాళ్లూ ఒక్కసారైనా వంటింట్లోకి వచ్చి నన్ను నిలదీయలేకపోయావా అనీ, మధ్యలో ఊపిరి తీసుకోకుండా తిట్టింది. అతను తల వంచుకుని ఎంతో సుఖంగా తిట్లు తిన్నాడు. ఒకటి రెండు తప్పిపోయాయనిపిస్తే మళ్లీ అనిపించుకున్నాడు కూడా.

ఆ వారమే మాస్టారు మోకాళ్లని లెక్కలో వేసుకుని, మెట్ల స్థానంలో మెత్తగా దిగే వాలుబాట కట్టారు. అక్క ఇప్పుడు దర్జాగా వీధిగుమ్మంలోంచే దిగి బజారుకి వెళ్తోంది. వాలు తక్కువ కావాలంటే పొడవు పెరగక తప్పదు కనుక అది పాత మెట్ల కన్నా ఇంకో రెండడుగులు రోడ్డు మీదికే వచ్చింది, కానీ ఇంతవరకూ ఎవరూ ఫోన్ చేయలేదు.