మూడో బెంచీ వాస్తవ్యుడు

ఫిబ్రవరి పదిహేడో తేదీ పొద్దున్న, చోడి అంబలిలో ఉల్లిపాయ నంజుకుంటున్న వేళ, బొడ్డేటి సన్యాసిరావు గారికి ఆయన పుట్టిన ఊరు జవాబు రాసింది: "మీరెవరో మాకు గుర్తు లేదు." జవాబు మర్యాదగానే ఉంది. విచారం వ్యక్తం చేస్తూ చివర ఒక వాక్యం, దాని కింద రచ్చబండ వేసిన తడి ముద్ర. సన్యాసిరావు అంబలి పూర్తిచేసి, గిన్నె కడిగి బోర్లించి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని స్థలస్మృతి కార్యాలయానికి బయలుదేరాడు.

ఆ ఏడాది అందరికీ ఇలాంటి ఉత్తరాలే వస్తున్నాయి. ఎవరు ఈ దేశం వారో మనుషుల్ని అడిగితే మొహమాటానికి అబద్ధాలు చెబుతున్నారని, ఇకపై చోట్లనే అడగాలని నిర్ణయం జరిగింది. గోడకో నేలకో తెల్లకాగితం అదిమిపట్టి వంద లెక్కపెడితే, ఆ చోటికి గుర్తున్న మనిషి పేరు కాగితం మీద తేలుతుంది. అలా మూడు చోట్లు కావాలి. ఇంటిపేరు, తండ్రిపేరుతో సహా గుర్తుపెట్టుకున్న చోటైతే ఒక్కటి చాలు, అయితే ఆ మనిషి ఇక అక్కడే నివసించాలి. ఏదీ లేనివారు సందర్శకులు. సందర్శకులు అరవై రోజుల్లో తమ దేశం వెళ్లిపోవాలి. వారి దేశమేదో నిబంధనల్లో లేదు. దానికి వేరే శాఖ ఉంది.

కార్యాలయం నిరీక్షణ హాలులో మూడో బెంచీ చివర ఆయనకు చోటు దొరికింది. పదింటికి వచ్చి కూర్చోవడం, అయిదింటికి లేవడం. అటెండరు గురయ్య మధ్యాహ్నం అడక్కుండానే టీ గ్లాసు పెట్టేవాడు. గ్లాసు అడుగున పడే గుండ్రటి తడిని సన్యాసిరావు ప్రతిసారీ తువ్వాలుతో తుడిచేసేవాడు. పందొమ్మిదో రోజున పరిశీలకురాలు హేమలత ఆయన ఫైలు, ఒక కట్ట తెల్లకాగితాలు పట్టుకుని వెంట వచ్చింది.

మొదట ఆయన చదివిన హైస్కూలుకు వెళ్లారు. పదో తరగతి గదిలో గండి పోలయ్య అప్పటికే చేతినిండా కాగితాలతో కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు సన్యాసిరావు పక్కన కూర్చున్నవాడే.

"ఒరే సన్యాసీ! పదకొండు చోట్లు వచ్చినాయిరా నాకు. రాయగడ స్టేషను మెట్లకి కూడా గుర్తున్నానట. అక్కడ నానేటి సేసినాను? ఓపాలి కిళ్లీ ఉమ్మీసినాను, అంతే."

"మరి ఈ బెంచీ?"

"కంపాసు ముల్లుతో పేరు సెక్కినాను కదరా. నువ్వేటి సెక్కినావు?"

"నేను మన హెడ్మాస్టరు గారు చెబితే ఉప్పుకాగితం పెట్టి రుద్దాను."

"అదీ సంగతి," అన్నాడు పోలయ్య జాలిగా. "నీ బతుకంతా రుద్దుడేరా."

హేమలత కాగితం అదిమి వంద లెక్కపెట్టింది. తేలిన పేరు పోలయ్యదే. పన్నెండోది అతనికి అక్కర్లేదు, అయినా నిబంధన ప్రకారం పుచ్చుకున్నాడు.

సన్యాసిరావు తూనికలు కొలతల శాఖలో ముప్పై మూడేళ్లు పనిచేశాడు. తొమ్మిది బదిలీలు, పదకొండు అద్దె ఇళ్లు. ఒక్క గోడకీ మేకు కొట్టలేదు. క్యాలెండరు కిటికీ ఊచకు వేలాడేది. ఇల్లు ఖాళీ చేసే ముందు సొంత ఖర్చుతో సున్నం వేయించి, తాళంచెవి కడిగి ఇచ్చేవాడు. ఎలా తీసుకున్నామో అలా అప్పజెప్పాలని ఆయన నియమం. ఇంటివాళ్లంతా ఆయన్ను మెచ్చుకున్నారు. ఇళ్లు మాత్రం మరిచిపోయాయి. హేమలత తొమ్మిది ఇళ్లలో తొమ్మిది తెల్లకాగితాలు తీసి, నంబర్లు వేసి ఫైల్లో పెట్టింది.

పదో ఇల్లు బొబ్బిలిలో ఉంది. ఆయన, భార్య సూరీడమ్మ పద్నాలుగేళ్లు ఉన్న ఇల్లు. వంటగదిలో కిటికీ పక్కన, కూర్చున్న మనిషి తల ఎత్తున, గోడ మీద అరచేయంత నూనె మరక. సూరీడమ్మ పొద్దువాలాక అక్కడ తల ఆనించి కూర్చుని ఆయన రాక కోసం చూసేది. తలకు ఆముదం రాసే అలవాటు. ఖాళీ చేసేనాడు సున్నం వేస్తే మరక పైకి తేలింది. ఇంకో పూత వేస్తే మళ్లీ తేలింది. మూడో పూత ఆయనే వేశాడు.

"ఒగ్గీండి. ఆ మరక ఎవరికి అడ్డం? ఓ మనిషి ఉందని తెలుస్తాది," అంది సూరీడమ్మ సామాన్లు కడుతూ.

"ఇల్లు వాళ్లది సూరీడూ," అన్నాడు ఆయన, కుంచె ఆపకుండా.

ఇప్పుడు ఆ మరక మూడు పూతల్నీ, తర్వాత వచ్చిన వాళ్ల నీలిరంగునీ దాటుకుని వచ్చి ఉంది. హేమలత కాగితం అదిమింది. వంద దాకా లెక్కపెట్టనక్కర్లేకపోయింది. నలభైకే అక్షరాలు వచ్చేశాయి: బొడ్డేటి సూరీడమ్మ, తండ్రి లెంక అప్పలస్వామి.

"ఈవిడ...?"

"నాలుగేళ్లయింది పోయి."

"ఈవిడ ఈ దేశంవారేనండీ. పూర్తి స్మృతి," అంది హేమలత. కాగితానికి నంబరు వేస్తూ, "మీకు బదలాయించడానికి రూలు లేదు," అంది.

"తెలుసమ్మా. ఆవిడకి దొరికింది కదా, చాలు."

సాక్ష్యం కల్పించడం నేరమని కార్యాలయం గోడకు తగిలించిన నోటీసులోనే ఉంది. అయినా హేమలత ఏదో పని ఉన్నట్టు గుమ్మం వైపు తిరిగి, ఖాళీ వీధిని చాలాసేపు చూసింది. సన్యాసిరావు నేల మీద కూర్చుని మరకకు తల ఆనించాడు. గోడ చల్లగా ఉంది. అక్కణ్నుంచి చూస్తే వీధిగుమ్మం, గుమ్మంలోంచి వచ్చే మనిషి పాదాలు మాత్రమే కనిపిస్తాయని ఆయనకు అప్పటిదాకా తెలియదు. లేచాక ఆమె ఇంకో కాగితం అదిమింది. తెల్లగానే వచ్చింది.

పదకొండోది ఇప్పుడుంటున్న ఇల్లు. గోడలకూ నేలకూ టైల్స్. టైల్స్ ఎవరినీ గుర్తుపెట్టుకోవు కనుక అలాంటి ఇళ్లను పరీక్షించరు.

ఆయన తిరిగి మూడో బెంచీ మీదికి వచ్చాడు. మార్చి వెళ్లిపోయింది. యాభై ఏడో రోజు మధ్యాహ్నం గురయ్య టీ పెట్టాడు. తాగాక గ్లాసు ఎత్తితే కింద గుండ్రటి తడి. ఆయన చెయ్యి అలవాటుగా తువ్వాలు దాకా వెళ్లింది. అక్కడే ఆగింది. తువ్వాలు మడతపెట్టి ఒళ్లో పెట్టుకుని, ఎదర గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. జన్మలో ఎవరి సొత్తునైనా పాడుచేయడం అదే మొదటిసారి కావడంతో చెవులు వేడెక్కాయి.

మర్నాడు హేమలత ఫైలు మూసేయడానికి వచ్చి, సంతకం కోసం ఆఖరి కాగితాన్ని ఆ బెంచీ మీదే పెట్టింది. కలం కోసం సంచి వెతికేలోపు కాగితం మీద అక్షరాలు తేలాయి: బొడ్డేటి సన్యాసిరావు, తండ్రి బొడ్డేటి రామునాయుడు. పక్కన గుండ్రటి మరక, ముద్ర వేసినట్టు.

"వచ్చేసిందండీ!" అంది హేమలత. మొహం విప్పారి, వెంటనే ముడుచుకుంది. "పూర్తి స్మృతి. అంటే మీరిక..."

"ఇక్కడే ఉండాలి."

"అవునండీ."

ధ్రువపత్రం ఆ సాయంత్రమే ఇచ్చారు. స్వస్థలం అన్నచోట నిరీక్షణ హాలు, మూడో బెంచీ, కుడి చివర అని గుండ్రటి చేతిరాతతో ఉంది. హాలులో అప్పటికే పాతికమంది వాస్తవ్యులు ఉన్నారని ఆయనకు అప్పుడు తెలిసింది. వాళ్లూ తనలాగే పని మీద వచ్చినవారని ఇన్నాళ్లూ అనుకున్నాడు. మొదటి బెంచీ ముసలావిడ తన దుప్పట్లో సగం చింపి ఇచ్చింది. రెండో బెంచీ ఆయన, నీళ్ల కుండ దగ్గర వరస ఎలాగో చెప్పాడు. ఎవరూ ఎందుకు అని అడగలేదు. తమ దేశంలో తామున్నారు.

హేమలత వెళ్తూ సూరీడమ్మ పేరు తేలిన బొబ్బిలి కాగితాన్ని ఆయన చేతిలో పెట్టింది. ఫైల్లో ఉండాల్సిన కాగితమే. ఆయన దాన్ని నాలుగు మడతలు వేసి చొక్కా జేబులో పెట్టుకుని, గోడకు తల ఆనించి కూర్చున్నాడు. అక్కణ్నుంచి గుమ్మం కనిపిస్తోంది.

అయిదు దాటాక గురయ్య తాళం తెచ్చాడు.

"తలుపేసీమంటారా బాబూ? తమరు లోపలేనా?"

"లోపలే గురయ్యా."

"మంచిది," అని, అప్పుడే కునుకుపట్టిన ముసలావిడకు మెలకువ రాకుండా, గురయ్య తలుపులు రెండూ మెల్లగా దగ్గరకు లాగి, బయట గడియ పెట్టాడు.